సబ్బుపెట్టె తల

జూలై 7, 2013, ఆదివారం

ఉదయం హాస్టల్ నుంచి సింధు ఫోన్ చేసింది. వారానికి ఒక్కరోజు, పది నిమిషాలు. ఐదు నాకు, ఐదు వాళ్ళమ్మకు. నా వంతు అయ్యాక ఫోన్ బల్ల మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళాను. అప్పుడు ఆవిడ వంటింట్లోంచి వచ్చి తీసుకుంది.

వేదవతికీ నాకూ మాటలు లేక నేటికి ముప్ఫై నాలుగు రోజులు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మాటలు మానేయడం మాకు కొత్తేం కాదు. కానీ ఇన్నాళ్ళూ మధ్యలో సింధు ఉండేది. "నాన్నకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని." "అమ్మకి చెప్పు, నాకు ఆకలి లేదని." ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఒకరం అన్నది రెండోవాళ్ళకి వినపడనట్టు, అది అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి అన్నీ మళ్ళీ చెప్పేది. వారం తిరిగేలోపు ఎవరో ఒకరం మరిచిపోయి నేరుగా మాట్లాడేసేవాళ్ళం. అక్కడితో సరి.

ఇప్పుడు ఆ మాటలు మోసే మనిషి విజయవాడలో ఉంది. దాన్ని అక్కడ చేర్చడం మీదే ఈసారి గొడవ. ఆవిణ్ణి అడగకుండా ఫారం మీద సంతకం పెట్టాను. పిల్ల మంచికే పెట్టాను. మంచి ర్యాంకు రావాలంటే తప్పదు. దీని మీద ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఒక రోబో చేద్దామనుకుంటున్నాను. చిన్నది, బల్ల మీద కూర్చునేది. దసరా సెలవులకు సింధుకి ఇవ్వొచ్చు. దాని కోసమే.

జూలై 9

డ్యూటీకి ముందు కోఠి వెళ్ళి సామాను తెచ్చాను. రోబోని నడిపే ఆర్డ్యూనో బోర్డు ఒకటి. రెండు వరుసలు పట్టే డిస్‌ప్లే ఒకటి, వరుసకు పదహారు అక్షరాలు. మెడ తిప్పడానికి వేలంత మోటారు. ఎదురుగా ఎవరైనా ఉంటే కనిపెట్టే సెన్సరు, జల్లెడ మూతల్లాంటి రెండు గుండ్రాలతో. కొట్టువాడు "మీ అబ్బాయి ప్రాజెక్టా సార్" అన్నాడు. అవునన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో పదిహేను టన్నుల తూకం యంత్రాలు విప్పి బిగించేవాణ్ణి. ఈ చీమ తలంత స్క్రూలు చేతిలో నిలవడం లేదు.

జూలై 12

డిస్‌ప్లే వెలిగింది. అక్షరాలు లేవు. నల్ల గడులు మాత్రమే.

జూలై 13

తప్పు వైర్లది కాదు, ప్రోగ్రాముదీ కాదు. వెనక చిన్న మర ఉంది, వెలుగు చీకట్లు సరిచేసేది. పావు చుట్టు తిప్పగానే అక్షరాలు బయటపడ్డాయి. అంటే రెండు రోజులుగా అది చెబుతూనే ఉంది, నాకే కనపడలేదు. వీడియో పాఠంలో వాడు మొదటి నిమిషంలోనే చెప్పాడు. నేను ఆ నిమిషం దాటేసి చూశాను.

జూలై 18, గురువారం

వారపు సెలవు. ఇంట్లో ఊపిరాడలేదు. పొద్దున్నుంచి మూడుసార్లు శంషాబాద్ బస్టాండు దాకా నడిచి వచ్చాను. పని ఏమీ లేదు.

రోబో మొండెం సింధు పాత టిఫిన్ డబ్బా. తల సబ్బుపెట్టె. సబ్బుపెట్టెకి రెండు రంధ్రాలు చేసి సెన్సరు గుండ్రాలు బిగించాను, అవి కళ్ళు. ఎవరైనా ఎదురుగా వస్తే తల కుడికీ ఎడమకీ తిరుగుతుంది. పొట్ట మీద డిస్‌ప్లే, కింద రెండు మీటలు. ఆకుపచ్చది ఆ, ఎర్రది ఊహూ.

రెండు పూటలా వచ్చి గిన్నెలు తోమే సక్కుబాయి చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

"గిదేంది సారూ?"

"బొమ్మ. మనిషి వస్తే తల తిప్పుతుంది."

ఎదురుగా వచ్చి నిలబడింది. అది అటూ ఇటూ తల ఆడించింది. "వద్దు వద్దంటుంది గద, నన్ను జూసి" అని నవ్వుకుంటూ పోయింది.

జూలై 21

భోజనాల బల్ల మీద పెట్టాను, వేదవతి కూర్చునే కుర్చీకి ఎదురుగా. ప్లగ్గు అక్కడే ఉంది కాబట్టి.

ఏం రాయాలో మాత్రం గంట పట్టింది. ఇందులో తెలుగు అక్షరాలు రావు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకోవాలి. "తిన్నారా" అంటే బ్యాంకు మేనేజరు పలకరించినట్టుంది. "తిన్నావా" అంటే నేనే అడిగినట్టవుతుంది. చివరికి సింధు అడిగినట్టు పెట్టాను. అమ్మా తిన్నావా. పదహారు గడుల్లో ఇంకా నాలుగు మిగిలాయి.

జూలై 22

నా డ్యూటీ రెండు నుంచి పది దాకా. ఆవిడ పొద్దున ఎనిమిదికి షాద్‌నగర్ ఇన్సూరెన్సు ఆఫీసుకి బస్సెక్కితే మళ్ళీ ఆరున్నరకి వస్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతకడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు.

ఆవిడ వెళ్ళగానే రోబోని ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాను. ఆకుపచ్చ మీట, ఒక్కసారి.

ఆ.

కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగాను. నలభై నాలుగేళ్ళవాణ్ణి.

జూలై 26

తల అటూ ఇటూ తిరిగి తిరిగి మెడలో వైరు తెగింది. రెండోసారి. మోటారు విప్పి అడ్డంగా బిగించాను. ఇప్పుడు తల నిలువుగా ఊగుతుంది, కిందికీ పైకీ. వైరు మీద లాగుడు లేదు. అడ్డం నుంచి నిలువుకి, అంతే తేడా.

ఇంకో ఏర్పాటు కూడా చేశాను. ఎదురుగా మనిషి ఎంతసేపు ఉన్నదీ నిమిషాల్లో దాచుకుంటుంది. ఇక రోజూ పొద్దున్నే ఆ అంకె చూసుకోవచ్చు, ఎప్పట్లాగే పక్కన వీడియో పాఠాలు వింటూ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఇంకో లాభం ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న సంగతి తెలియదు.

జూలై 27

పద్దెనిమిది నిమిషాలు. భోజనానికి పట్టేంత.

జూలై 28, ఆదివారం

సింధు ఫోన్. వాళ్ళమ్మతో ఐదు నిమిషాలూ అయిపోయాక కూడా వేదవతి ఫోన్ చేతిలో పట్టుకుని మంచం మీద చాలాసేపు కూర్చుంది. పిల్లకి ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి హాస్టల్‌కి నేనే మళ్ళీ చేశాను. బాగానే ఉందన్నారు.

జూలై 31

రాష్ట్రం విడిపోతుందని నిన్న తేల్చేశారు. షెడ్డు క్యాంటీన్లో అదే మాట. మల్లేశ్వర్ది పక్క ఊరే, నాతో పదేళ్ళ స్నేహం. మిఠాయి చేతిలో పెట్టి, "నువ్వు ఎటుదిక్కు ఉంటవ్ అన్నా ఇగ" అన్నాడు. నేను ఆంధ్రావాణ్ణని ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"నా సంగతి మా ఇంట్లోనే తేలలేదు" అన్నాను.

"వదినతోని ఇంక మాట్లాడుతలేవా? గదేం పంతం అన్నా. జర నువ్వే మాట్లాడు."

రోబో సంగతి చెప్పాను. మిఠాయి నమలడం ఆపి నా ముఖంలోకి చూశాడు.

ఆగస్టు 4

నలభై ఏడు నిమిషాలు.

29న ముప్ఫై ఒకటి ఉంది. 30న నలభై. నిన్న నలభై ఏడు. మీట మాత్రం ఒక్కసారి కూడా నొక్కలేదు. మనిషి నలభై ఏడు నిమిషాలు అన్నం తింటుందా? కుర్చీ లోపలికి జరపడం మరిచిపోతోందేమో. కుర్చీ వీపునే మనిషి అనుకుని లెక్కపెడుతోందేమో.

ఆగస్టు 5

కుర్చీ తీసేసి చూశాను. కుర్చీ పెట్టి చూశాను. నీళ్ళ జగ్గు పెట్టి చూశాను. పైన ఫ్యాను వేసి, ఆపి చూశాను. సెన్సరులో తప్పేం లేదు.

నిన్న యాభై ఒకటి.

ఆగస్టు 8, గురువారం

పొద్దున బోర్డుకి వైరు తగిలించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో కూర్చున్నాను. తలెత్తితే వేదవతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగు భుజాన ఉంది. బస్సు వేళ దాటిపోతోంది, అయినా కదల్లేదు. నా వైపు, రోబో వైపు, మళ్ళీ నా వైపు చూసింది. ఏదో అడిగినదానికి జవాబు కోసం ఆగినట్టు ఉంది ఆ చూపు. నన్నేం అడిగిందని?

ఇయర్‌ఫోన్లు తీద్దామనుకున్నాను. తీస్తే మొదట మాట్లాడినవాణ్ణి నేనే అవుతాను. వీడియోలో వాడు మోటారు వేగం గురించి ఏదో చెబుతున్నాడు. వెళ్ళిపోయింది.

నేనే ఎందుకు మాట్లాడాలి. సింధుని పంపిన రోజు ఈ బల్ల దగ్గరే కదా నన్ను కసాయివాడంది.

ఆగస్టు 11, ఆదివారం

సింధు: "అమ్మతో మాట్లాడుతున్నావా నాన్నా?"

"ఆ, మాట్లాడుతున్నానమ్మా."

"నిజంగా? నోటితో?"

పెట్టేశాక చాలాసేపు కుదురుగా ఉండలేకపోయాను. ఈ డైరీ ఎవరూ చదవరు, ఇక్కడ దాచి లాభం లేదు. ర్యాంకు కోసం కాదు. మే నెలాఖర్లో అది నా దగ్గరికి వచ్చి, "నన్ను హాస్టల్లో వెయ్యి నాన్నా. మీ ఇద్దరి మాటలూ మోయలేకపోతున్నాను. పరీక్ష హాల్లో కూడా నాకు మీ మాటలే వినపడుతున్నాయి" అంది. తనే అడిగిందని అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. సంతకం పెట్టాను. కసాయివాడన్నా పడ్డాను. పిల్ల కోసం పడ్డానని గర్వంగా కూడా ఉండేది.

గర్వపడాల్సిన సంగతి ఇందులో ఏముందో ఇప్పుడు తెలియడం లేదు. అది పారిపోయింది. మా ఇద్దరి నుంచీ.

ఆగస్టు 14

సున్నా.

సెన్సరు పాడయిందనుకున్నాను. కాదు. కుర్చీ బల్లకి అవతలి వైపు ఉంది. ఆవిడ చోటు మార్చుకుంది.

ఆగస్టు 15

సెలవు. ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం.

ఆగస్టు 17

డిస్‌ప్లే మీద మాట మార్చాను. అమ్మా కూర బాగుంది. ఆవిడ దాని ఎదుట కూర్చోవడం లేదు. ఎవరు చదవాలని?

ఆగస్టు 23, శుక్రవారం

టిఫిన్ డబ్బా కింద ఒక కాగితం ఉంది. నాకు కనపడాలనే పెట్టినట్టుంది. విజయవాడ బ్రాంచికి బదిలీ. తనే కోరుకుంది. అక్కడ పనిచేసే ఒకామె ఇటు రావాలనుకుంటోందట, ఇద్దరూ ఒకరి చోటు ఒకరు మార్చుకున్నారు. దరఖాస్తు తేదీ ఆగస్టు 13. సెప్టెంబరు 2న చేరాలి.

అక్కడ ఇల్లు తీసుకుంటుంది, సింధుని హాస్టల్ మాన్పించి తన దగ్గర ఉంచుకుంటుంది. సింధు కూడా సంతోషంగా వస్తుంది. ఆ ఇంట్లో నేనుండను కాబట్టి దానికి మోయాల్సిన మాటలు ఉండవు.

షెడ్డులో ఇవాళ ఒక యంత్రాన్ని నాలుగుసార్లు సరిచేశాను. నాలుగుసార్లూ తప్పే చూపించింది. మల్లేశ్వర్ వచ్చి, "నీ కాలు దాని మీదనే ఉన్నదన్నా" అన్నాడు.

ఆగస్టు 24, శనివారం

పదింటికి సక్కుబాయి వచ్చింది. వేదవతి ఆఫీసుకి వెళ్ళింది. రోబోని విప్పేద్దామని స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చున్నాను. సక్కుబాయి గిన్నెలు వదిలేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అమ్మ పోతుందట గద. మీరే పొమ్మన్నరట."

"నేనా? నేను మాట్లాడి ఎనభై రోజులయింది, సక్కుబాయీ."

"మీరంటే మీరు గాదు. ఇగో, గీ డబ్బోడు."

నాకేం అర్థం కాలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని చెప్పుకొచ్చింది.

"రోజూ పొద్దుమీకి నేనొచ్చేసరికి అమ్మ ఆఫీసు నుంచి వచ్చి గీని ముందటనే కూసుంటది. నాన్నకు చెప్పు, నాన్నకు చెప్పు అనుకుంట ఒకటే ముచ్చట. మొదలు పిల్లతోని ఫోన్ల మాట్లాడుతుందనుకున్న. ఒకరోజు ఏడ్సింది గూడ. పిల్లనే హాస్టల్‌కు పోతనన్నదట గద, మొన్న ఫోన్ల చెప్పింది, నాకు తెల్వక నాన్నను అనరాని మాటలన్న, తప్పయింది, గది చెప్పు నాన్నకు, అన్నది. మీరేమో ఉలుకు లేదు పలుకు లేదు."

"దీనికి వినపడదు, సక్కుబాయీ."

"మరి గీ గుండ్రటియి చెవులు గావా?"

"కళ్ళు."

"కండ్లా?" వంగి దగ్గర్నుంచి చూసింది. "జాలి మూతలు జూసి మైకులనుకున్నం గద. మీరు పొద్దుగాల లేస్తే దానికి వైరు పెట్టి, చెవులల్ల పెట్టుకొని ఇంటరు. నా మాటలే ఇంటుండు సక్కుబాయీ అని అమ్మనే అన్నది. ఎప్పుడన్న ఒక్కటి జవాబు పెడ్తడేమోనని గా పొట్ట మీద అక్షరాలు జూసేది."

జవాబు. అమ్మా తిన్నావా.

"ఇగ ఆఖరికి అడిగింది. నేను విజయవాడ పోతే నాన్నకు మంచిగుంటదా, పోవాల్నా అని. గీ సబ్బుపెట్టె తలకాయ ఇట్ల ఊపింది." కిందికీ పైకీ ఊపి చూపించింది. "ఇంకోపారి అడిగింది. మల్ల ఊపింది. పొమ్మంటుండు సక్కుబాయీ, అని లేచిపోయింది. నేను జూసిన నా కండ్లతోని."

వైరు తెగుతోందని మోటారు తిప్పి బిగించాను. అడ్డం నుంచి నిలువుకి. మోటారు మునుపటిలాగే ఉండి ఉంటే వద్దు వద్దనేది.

డ్యూటీకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను, అది అబద్ధం కూడా కాదు. ఆరున్నర దాకా ఆవిడ కోసం ఎదురుచూశాను. వచ్చింది, నన్ను చూసింది, తలనొప్పని సక్కుబాయికి చెప్పి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు ముందు ఐదు నిమిషాలు నిలబడ్డాను. నా నోరు నాకు సహకరించలేదు. అలవాటు తప్పిపోయింది.

ఆగస్టు 25, ఆదివారం

ఇది మొత్తం రాసుకోవాలి, ఒక్క మాట పోకుండా.

తొమ్మిదింటికి ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి బల్లకి అవతలి వైపు కూర్చుంది. నేను రోబోని మా మధ్యకి జరిపాను. నా ముఖం చూడకుండా దాని వైపే తిరిగి అంది.

"నాన్నకి చెప్పు, గ్యాసు సిలిండరు బుక్ చేశానని. మంగళవారం వస్తుందని."

నేను ప్లగ్గులోంచి వైరు పీకేశాను. డిస్‌ప్లే ఆరిపోయింది. తల సగంలో ఆగిపోయింది.

"వేదవతీ" అన్నాను. పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఇదిగో, ఏమోయ్, సింధూ వాళ్ళమ్మా, ఇవే నా పిలుపులు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"దీనికి చెవుల్లేవు" అన్నాను. "ఇవి మైకులు కావు. మనిషి ఎంత దూరంలో ఉందో చూసేవి, అంతే. నువ్వన్నదేదీ నేను వినలేదు. పొద్దున నేను వినేది ఎవడో చెప్పే పాఠాలు. తల ఊపడం కూడా నేను ఊపించింది కాదు. ఎదురుగా ఎవరు వచ్చినా, కాస్త కదిలినా ఊపుతుంది. నిన్న సక్కుబాయి చెప్పేదాకా నాకేమీ తెలియదు."

ఆవిడ సబ్బుపెట్టె దగ్గరికి వంగింది. వేలితో ఒక గుండ్రాన్ని తడిమింది.

"వీటికి చెవుల్లేవు. సరే" అంది. "మరి మీకో?"

ఇన్ని రోజులూ మూడు గదుల ఇంట్లో ఇద్దరం ఒక సబ్బుపెట్టె ముందు వంతులు వేసుకుని కూర్చున్నాం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అంతా రికార్డవుతోందనుకుని ఎంత జాగ్రత్తగా మాట్లాడానో తెలుసా" అంది. "మాట తప్పుగా వస్తే మళ్ళీ మొదట్నుంచి చెప్పేదాన్ని. మీరు పొద్దున్నే విని, నాతో ఒక్క ముక్క అనకుండా డ్యూటీకి పోతుంటే, ఇంత రాయి మనిషా అనుకున్నాను. తప్పయిందన్నాను కదండీ. మూడుసార్లు అన్నాను."

"నాతో అనుండాల్సింది."

"మీతో ఎలా అనాలో నాకు తెలియదు. సింధు పుట్టాక మీతో నేరుగా ఎప్పుడు గొడవపడ్డాను, ఎప్పుడు రాజీపడ్డాను?"

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడవడంలో మాత్రం మధ్యవర్తి అక్కర్లేకపోయింది.

బదిలీ ఆగుతుందా అని అడిగాను. ఆగదంది. అవతలామె ఇప్పటికే ఇల్లు ఖాళీ చేసి పిల్లల్ని ఇక్కడి బడిలో చేర్పించింది. ఆగినా తను వెళ్ళాలనే అనుకుంటోందట. సింధు కోసం. "మీరు పొమ్మన్నారని కోపంతో వెళ్ళడం వేరు, ఇది వేరు" అంది. ఇంతకాలం పిల్ల మోసింది, ఇకనైనా దింపుకోవాలి అంది. అది నిజమే. నాకు నచ్చకపోయినా నిజమే.

"నాకు చెప్పినవన్నీ మళ్ళీ చెప్తావా?" అన్నాను.

"రెండు వారాలు చెప్పానండీ. ఒక్కరోజులో అవుతుందా?"

"రైలు ఆరు గంటలు పడుతుంది. విజయవాడ దాకా నేనూ వస్తాను. ఇయర్‌ఫోన్లు తేను." ఆపైన అడిగాను. "రానా?"

ఆవిడ చెయ్యి చాపి టిఫిన్ డబ్బా మీద ఆకుపచ్చ మీట నొక్కింది. కరెంటు లేదు, ఏమీ వెలగలేదు. వేలు మాత్రం చాలాసేపు తియ్యలేదు.

సెప్టెంబరు 1, రైల్లో

చేతులు కడుక్కోవడానికి లేచింది కాబట్టి ఈ రెండు ముక్కలు. ఖమ్మం దాటాం. ఆవిడ చెప్పడం ఇంకా జూలై 29 దగ్గరే ఉంది.